పరిగె రోజుల్లో నిండిన బడి

తుమ్మలదొడ్డి,
గార్లదిన్నె మీదుగా.
21 జూలై 1957

ప్రియమైన నాయనకు,

క్షేమంగా చేరాను. గార్లదిన్నెలో బస్సు దిగి ఐదు మైళ్ళు నడిచాను. దారిలో ఎదురైనవాళ్ళంతా ఒకసారి ఆకాశం వైపు చూసి తర్వాత నా వైపు చూశారు, వాన రావాల్సిన చోటికి నేను వచ్చినట్టు.

బడి ఒకటే గది. పైన బండలు, కింద మట్టి. అయిదు తరగతులకూ ఒకే అయ్యవారు, అంజినప్ప గారు. నన్ను చూడగానే, "ఏమ్మా, బి.ఏ. పాసై ఈడికి వచ్చినావా? ఎవురు శపించినారు?" అన్నాడు. మద్రాసులో సంఘసేవ కళాశాల ఉందనీ, అందులో సీటు కావాలంటే బడిపిల్లలతో ఆరు నెలలు జీతం లేకుండా పనిచేసి ఉండాలనీ, పని బాగా చేశానని పంచాయతీ అధ్యక్షుడు సంతకం పెట్టిన యోగ్యతాపత్రం జతచేయాలనీ చెప్పాను. "సేవ చేసేది నేర్చుకోనీకి కూడా కాలేజీ ఉండాదా?" అన్నాడు.

బడిలో పేర్లు అరవై రెండు, వచ్చేది ఇరవై మంది. ప్రభుత్వం పంపిన పాలపొడి డబ్బాలు బీరువాలో తాళం వేసి ఉన్నాయి. "కలిపేది ఎవురు? కట్టెలు తెచ్చేది ఎవురు?" అంటాడు అయ్యవారు. మొన్నటినుంచి నేనే పొయ్యి వెలిగించి కలుపుతున్నాను. పాలకోసం ఊరి బయటి కూలివాళ్ళ వాడనుంచి పదిమంది ఎక్కువ వచ్చారు. వాళ్ళలో సుంకమ్మ అని ఒక పిల్ల ఉంది. పదేళ్ళు, మూడో తరగతి. పలక తుడవనివ్వదు. "ఎంత కష్టపడి రాసినానక్కా, అప్పుడే తుడిపేస్తావా?" అని పోట్లాడుతుంది. దాని అమ్మ సిద్దమ్మ కూలికి పోతూ దారిలో కిటికీ దగ్గర ఆగి లోపలికి చూసి పోతుంది.

అయ్యవారు ఇప్పటినుంచే భయపెడుతున్నాడు. "శెనక్కాయలు పెరికేదాకా చూడమ్మా. ఆమీద పిల్లోల్లంతా పరిగెకు పోతారు. మూడు వారాలు బడిలో నువ్వూ నేనూ పాలడబ్బా." పంట పెరికేశాక మట్టిలో నిలిచిపోయిన కాయల్ని తవ్వి ఏరడాన్ని పరిగె అంటారట. నాలుగు కాయల కోసం మూడు వారాల చదువు! ఆ మూడు వారాలూ బడి ఖాళీగా ఉంటే ఎవరు మాత్రం నాకు పత్రం రాసిస్తారు?

అమ్మతో చెప్పు, నీళ్ళు కాచుకునే తాగుతున్నానని.

నీ కూతురు,
నాగరత్న

*

'నిలదీత' వారపత్రిక కార్యాలయం,
అనంతపురం.
4 ఆగస్టు 1957

ప్రియమైన రత్నకు,

దీవెనల మీద నాకు నమ్మకం లేదు గనుక ప్రేమ మాత్రమే పంపుతున్నాను.

సేవ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరు ఎవరికి చేసే సేవ? పిల్లల నోటి దగ్గర కూడు లాగేసినవాళ్ళే గ్లాసెడు పాలు పోసి సేవ అంటారు. నువ్వు మద్రాసు పోయి ఆ చదువు చదువుతానన్నప్పుడు నేనెందుకు ఒప్పుకున్నాను? నువ్వు ఆ మాటకు వేరే అర్థం చెప్తావని. చెప్పలేకపోతే ఇంటికి రా, ప్రూఫులు దిద్దడానికి మనిషి లేడు.

ఇప్పుడు ఆ పరిగె సంగతి. ఆసామి పొలంలో నడుం వంచిన పసిబిడ్డ వెట్టి చేస్తున్నట్టే. దానికి పరిగె అని పేరు పెట్టు, పండుగ అని పేరు పెట్టు, నాకేం తేడా లేదు. పిల్లలు పొలంలో ఉంటే ఎవరికి లాభం? పొలం ఉన్నవాడికి. పిల్లలు బడిలో ఉంటే ఎవరికి భయం? వాడికే. ఇంతకంటే తేలికైన లెక్క ఇంకేమన్నా ఉందా? ఆ మూడు వారాలే నీకు అసలు పరీక్ష. ఒక్క పిల్లను కూడా వదలకు. తల్లులు ఏడుస్తారు, కరగకు. పెద్దవాళ్ళు అడ్డం పడతారు, తగ్గకు. ఆ ఊళ్ళో పంచాయతీ అధ్యక్షుడు గంగాధరప్ప అని విన్నాను. నలభై ఎకరాల ఆసామి. వాడు నీ మీదికి వస్తే ఒక్క కార్డు ముక్క రాయి. పైవారం పత్రికలో వాడి సంగతి నేను చూసుకుంటాను.

మీ అమ్మ పొడి కారం పంపుతోంది. నేను వాదన పంపుతున్నాను. రెండూ జాగ్రత్తగా వాడుకో.

నీ నాయన,
జయరాముడు

*

తుమ్మలదొడ్డి.
18 డిసెంబరు 1957

ప్రియమైన నాయనకు,

గెలిచాం! ఈ మూడు వారాలూ బడి కిటకిటలాడింది. అరవై రెండు మందిలో యాభై ఎనిమిది మంది. మిగిలిన నలుగురికీ తట్టు పోసింది, లేకపోతే వాళ్ళనూ లాక్కొచ్చేదాన్ని.

ఎలాగని అడుగుతావు. మొదటి గంటకు బడిలో ఉన్నవాళ్ళకే పాలు అన్నాను. ఒక్కరోజు మానితే వారం పాటు పాలు లేవన్నాను. అది చాలక ఇల్లిల్లూ తిరిగాను. సిద్దమ్మ నన్ను గుమ్మం బయటే నిలబెట్టింది.

"మూడు వారాలు ఇడిసిపెట్టమ్మా. ఆమీద ఏడాదంతా నీ పిల్లే."

"పిల్లల చేత పని చేయించడం తప్పు సిద్దమ్మా."

"పని కాదమ్మా, పరిగె."

"పేరు ఏదైతే ఏం? పొలంలో వంగడమే కదా!" అన్నాను. అచ్చం నీ మాటే. గొంతు కూడా నీదే వచ్చిందనుకుంటాను. ఆమె సుంకమ్మ చేతిలో ఉన్న మట్టి తవ్వే చిన్న ఇనుప ముక్క తీసుకుని చూరులో దోపి, పిల్లను నాతో పంపింది.

నువ్వు నమ్మవు గానీ నాకు అందరికంటే సాయం చేసింది గంగాధరప్ప! పెరకడం మొదలుపెట్టిన రోజే బడికి వచ్చాడు. "టీచరమ్మా, వాడ దూరం కదా, పిల్లోల్లు నడిచి రాలేక మానుతారు. నా బండి పంపిస్తా" అన్నాడు. అన్నట్టే రోజూ పొద్దున రెండెద్దుల బండి వాడ ముందు నిలబడింది. బండెక్కడం కోసమే చిన్నపిల్లలు పరిగెత్తుకొచ్చారు. బడికి కొత్త గంట కూడా కొనిచ్చాడు. ఎదురుచూసిన శత్రువు మిత్రుడై వస్తే ఎంత తికమకగా ఉంటుందో తెలుసా? తయారుచేసుకున్న తిట్లన్నీ వృథా అయ్యాయి.

ఆరు నెలలు నిండకముందే, నిన్ననే యోగ్యతాపత్రం కూడా ఇచ్చాడు. "మా గ్రామంలో ఇట్టి సేవ ఇంతకు మునుపెన్నడూ జరిగి ఉండలేదు" అని రాశాడు. నాలుగుసార్లు చదువుకున్నాను. వచ్చే జూన్‌కు మద్రాసు ఖాయం.

అంజినప్ప గారు మాత్రం ఎందుకో ముభావంగా ఉన్నాడు. బడి నిండితే అయ్యవార్లకు పని పెరుగుతుంది కదా, అందుకేమో.

నీ కూతురు,
నాగరత్న

*

అనంతపురం.
30 డిసెంబరు 1957

ప్రియమైన రత్నకు,

ఈ ఉత్తరంతో పాటు పత్రిక పంపుతున్నాను. మొదటి పేజీ చూడు. 'పిల్లలను పొలాలనుంచి విడిపించిన ఊరు.' నీ ఉత్తరాన్ని కొంచెం దిద్ది, నా నిప్పు కొంచెం కలిపాను. గంగాధరప్పను కూడా పొగిడాను. ఇరవై ఏళ్ళుగా కలం పట్టుకున్నాను, ఒక భూస్వామి గురించి మంచి మాట రాయడం ఇదే మొదలు. చేతికి అలవాటు లేక రెండుసార్లు సిరా ఒలికింది. "తన పొలాన్ని కాదని తన ఊరి పిల్లల వైపు నిలబడిన ఆసామి" అన్నాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

తాడిపత్రినుంచి ఇద్దరు ఉపాధ్యాయులు ఉత్తరాలు రాశారు, తామూ అట్లే చేస్తామని. కరువు జిల్లా అని అందరూ జాలిపడే ఈ ఎర్రమట్టిలోనుంచి దేశానికి ఒక దారి చూపించావు. మీ అమ్మ ఆ పత్రికను పక్కింటివాళ్ళకు చూపిస్తోంది, నేను అచ్చువేసిన పత్రికను ఆమె ఎవరికైనా చూపించడం కూడా ఇదే మొదలు.

నీ నాయన,
జయరాముడు

*

తుమ్మలదొడ్డి.
9 మార్చి 1958

ప్రియమైన నాయనకు,

రెండు నెలలకు పైగా ఉత్తరం రాయలేదు. రాయలేకపోయాను.

నిన్న బడికి పదకొండు మంది వచ్చారు. అందరూ ఊరి నడిబొడ్డు ఇళ్ళవాళ్ళే. వాడ పిల్లలు ఒక్కరూ లేరు, ఎందుకంటే వాడలోనే ఎవరూ లేరు. గుడిసెల తలుపులకు ముళ్ళకంప అడ్డం పెట్టి తుంగభద్ర కాలువ కింద కూలికి వలసపోయారు. ముసలివాళ్ళు ముగ్గురు మిగిలారు. పాలు కలపడానికి నిన్న కూడా పొయ్యి వెలిగించాను. ఎవరికోసమో తెలియలేదు.

వాళ్ళు బయలుదేరుతున్న పొద్దున పరుగున వాడకు పోయాను. సిద్దమ్మ చట్టీ, చేట మూటగట్టుకుంటోంది. ఎందుకు పోతున్నారని అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసి, నిజంగానే నాకు తెలియదని అప్పుడు గ్రహించినట్టుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క అక్షరం దిద్దకు.

"పరిగె అంటే ఏమనుకొంటివమ్మా? ఆసామికి చేసే కూలి అనుకొంటివా? పెరికినాక మట్టిలో ఉండే కాయ మాది. మా అవ్వ కాలంనుంచి మాది. మేము ఇంకో పొలంలో పెరికే కూలికి పోతాము, పిల్లోల్లు ఎనకాల పరిగె ఏరుతారు. వాండ్ల చిన్న చేతులకే ఆ కాయలు దొరికేది. మా ఎండాకాలమంతా ఆ మూటలోనే ఉంటాది. సంగట్లోకి ఊరిబిండి నూరేది ఆ కాయలే. సంతకు తీసకపోయి జొన్నలు మార్చుకొచ్చేదీ ఆ కాయలే. మూడు వారాలు ఏరుకొంటే ఉగాది దాటి వానలదాకా ఊరిడిసేది లేదు."

"మరి ఈ ఏడు మీరే ఏరుకోవచ్చు కదా, కూలి అయిపోయాక?"

"ఏడ ఉండాది? ముందంతా మూడు వారాలు పొలం మాకిడిసి, ఆమీద ఎద్దులు కడతా ఉండ్రి. ఈసారి గంగాధరప్ప మూడో దినమే గుంటక తోలించినాడు. తిరగబడిన కాయలన్నీ ఆయన జీతగాండ్లు గంపలకెత్తినారు. ఇదేమప్పా అంటే, 'ఎవురూ రాలేదు కదా, పొలం ఊరికే పెట్టుకొని ఉండల్లా?' అనె. ఆయన్ని చూసి తక్కినోళ్ళూ తోలించిరి."

బండి గుర్తొచ్చింది నాయనా. రోజూ పొద్దున్నే వాడ ముందు నిలబడిన ఆ రెండెద్దుల బండి. ఆ బండి పిల్లల్ని బడికి తేలేదు, పొలంనుంచి తప్పించింది.

"నాకు అప్పుడే చెప్పొచ్చు కదా సిద్దమ్మా" అన్నాను.

"చెప్తిని కదమ్మా. ఇడిసిపెట్టు అంటిని. నువ్వు ఇంటివా?"

సుంకమ్మ పలక నా చేతికిచ్చి, "తుడపాకు అక్కా" అంది. వాళ్ళు పోయారు.

అంజినప్ప గారిని నిలదీశాను. మీకు తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నారని. "నువ్వు బి.ఏ. చదివినావు. మీ నాయన పత్రిక పెట్టినాడు. పైన అధ్యక్షుడు. నేను పంచాయతీ బడి అయ్యవారిని. నన్ను ఎవురన్నా అడిగినారా?" అన్నాడు. నిజమే, అడగలేదు.

నువ్వు రాయదుర్గం బజారులో బట్టలకొట్టు మీద పుట్టినవాడివి. నేను అనంతపురంలో ప్రెస్సు పక్కన పుట్టినదాన్ని. పొలంలో వంగిన పిల్ల ఎవరికోసం వంగిందో మనిద్దరిలో ఒక్కరూ అడగలేదు. నువ్వు దానికి వెట్టి అని పేరు పెట్టావు, నేను ఆ పేరు చెప్పి వాళ్ళ ఎండాకాలపు కూడు తీసుకుపోయి ఆసామి గాదెలో పోశాను. ఆయన రాసిచ్చిన పత్రంలో ప్రతి అక్షరమూ నిజమే. ఆయనకు ఇట్టి సేవ ఎన్నడూ జరిగి ఉండదు!

ఈ ఉత్తరం పత్రికలో వెయ్యి. మొదటి పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో.

నాగరత్న

*

అనంతపురం.
17 మార్చి 1958

ప్రియమైన రత్నకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బాధ కలిగింది. కానీ వెయ్యను.

కోపం తెచ్చుకోకుండా విను. రేపు ఈ ఉత్తరం అచ్చయితే ఎవరు పండుగ చేసుకుంటారు? పిల్లలకు చదువెందుకు అనేవాళ్ళు. "చూశారా, బడికి పంపితే ఆకలి, పొలానికి పంపితే కూడు, వాళ్ళ పత్రికే ఒప్పుకుంది" అని ఊరూరా చదివి వినిపిస్తారు. ఇరవై ఏళ్ళ పోరాటాన్ని ఒక ఊరి శెనక్కాయల కోసం తాకట్టు పెట్టమంటావా? సూత్రం తప్పు కాదు, అమలులో పొరపాటు జరిగింది. పొరపాట్లను మనలో మనం దిద్దుకోవాలి, శత్రువు చేతికి ఇవ్వకూడదు.

ఇక పత్రం. అది ఎవరిచ్చారన్నది ముఖ్యం కాదు, దానితో నువ్వేం చేస్తావన్నది ముఖ్యం. మద్రాసు పో. చదువుకో. రెండేళ్ళ తర్వాత వంద ఊళ్ళకు పనికొస్తావు. ఇప్పుడు ఒక్క ఊరికోసం అది పారేస్తే ఆ సీటు ఏ జమీందారు కూతురికో పోతుంది. ఆమె నీకంటే మంచి పని చేస్తుందా? ఆలోచించు.

నీ నాయన,
జయరాముడు

*

తుమ్మలదొడ్డి.
2 ఏప్రిల్ 1958

నాయనకు,

ఆలోచించాను.

కలెక్టరు తప్పు చేస్తే ప్రజలముందు ఒప్పుకోవాలని రాస్తావు. మంత్రి తప్పు చేస్తే ఒప్పుకోవాలని రాస్తావు. నువ్వు చేస్తే మాత్రం మనలో మనం దిద్దుకోవాలి. ఆ 'మనలో' సిద్దమ్మ ఉందా? లేకపోతే ఆ మాటకు అర్థమేమిటి? సూత్రం తప్పు కాదంటావు. ముళ్ళకంప అడ్డం పెట్టిన ఆ గుడిసెల ముందు నిలబడి ఆ మాట అను, విందాం.

వంద ఊళ్ళకు పనికొస్తానన్నావు. ఈ ఒక్క ఊళ్ళో చేసినట్టు వంద ఊళ్ళలో చేస్తానేమోనని నాకు భయంగా ఉంది.

దరఖాస్తు పంపాను. గంగాధరప్ప పత్రం జతచేయలేదు. ఆరు నెలల్లో నేనేం చేశానో, ఏం జరిగిందో నాలుగు పేజీలు రాసి జతచేశాను.

నాగరత్న

*

అనంతపురం.
20 అక్టోబరు 1958

ప్రియమైన రత్నకు,

నీ దరఖాస్తు తిరిగొచ్చిందని మీ అమ్మ ద్వారా జూన్‌లోనే తెలిసింది. 'జతపరచవలసిన పత్రము లేనందున పరిశీలించలేము.' నీ నాలుగు పేజీలు చదివారో లేదో! అప్పుడు నాకు నీమీద ఎంత కోపం వచ్చిందంటే, ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. ఒక్క సంతకంతో అయ్యే పనిని మొండితనంతో పాడుచేసుకుంది, ఈ మొండితనం ఎవరి పోలికో అని మీ అమ్మతో అంటే, ఆమె నన్ను ఎగాదిగా చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న గురువారం గంగాధరప్ప ప్రెస్సుకు వచ్చాడు.

ఉతికిన తలపాగా, చేతిలో నిమ్మకాయల సంచి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏమప్పా జయరాముడూ, భలే రాసినావప్పా పోయినేడు! ఆ పేపరు నాకు యాభై కావల్ల" అన్నాడు.

"పాత సంచిక ఎందుకు?"

"పక్క ఊళ్ళ రైతులకు పంచల్ల. శెనక్కాయలు పెరికే కాలం వస్తాండాది. పిల్లోల్లను బడికి తోలండప్పా, పేపర్లో కూడా రాసినారు అని చెప్తే మర్యాదగా ఉంటాది. ఊరికే పరిగెకు రావద్దంటే వాడోల్లు గలాటా చేస్తారు. ఇట్లయితే ఏ గలాటా లేదు. చదువు కాదనేది ఎవురు? పొలం మనకు మిగులుతాది, పేరుకు పేరు."

రత్నా, వాడు నన్ను ఎగతాళి చేయడంలేదు. కన్ను గీటలేదు. నన్ను తనవాణ్ణి అనుకుని, మనసు విప్పి మాట్లాడుతున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆసాములు నన్ను తిట్టారు, ప్రెస్సు మీద రాళ్ళు వేయించారు. నాకు ఎప్పుడూ నొప్పి కలగలేదు. మొన్న వాడు నా భుజం తట్టినప్పుడు కలిగింది.

కాపీలు లేవని చెప్పాను. "మళ్ళీ అచ్చు వెయ్యప్పా" అన్నాడు. బయటికి నడవమన్నాను. ఎందుకు కోపమొచ్చిందో వాడికి అర్థం కాలేదు. నిమ్మకాయలు బల్లమీదే వదిలి, "ఒంట్లో బాగాలేదేమో" అంటూ పోయాడు.

ఈ వారం పత్రిక పంపుతున్నాను. నీ మార్చి ఉత్తరం మొదటి పేజీలో ఉంది. సిద్దమ్మ మాటల్లో అక్షరం దిద్దలేదు. కింద నా పేరుతో, పోయినేటి వ్యాసం రాసింది నేనేననీ, తెలుసుకోకుండా రాశాననీ, పరిగె వాడవాళ్ళ హక్కనీ వేశాను. నేను భయపడినట్టే తిట్లు వస్తున్నాయి, ఎక్కువ మన వైపునుంచే. తాడిపత్రి ఉపాధ్యాయుల్లో ఒకాయన చందా మానేశాడు. రెండో ఆయన మాత్రం, "మా ఊళ్ళో కూడా ఇదే జరిగింది, నాకు ఇప్పుడు అర్థమైంది" అని రాశాడు. ఆ ఒక్క వాక్యం చదివాక అన్నం తినలేకపోయాను.

ఏడు నెలలు ఆలస్యం చేశాను. ఇప్పటికైనా పనికొస్తుందా, రాయి.

నీ నాయన,
జయరాముడు

*

తుమ్మలదొడ్డి.
14 డిసెంబరు 1958

ప్రియమైన నాయనకు,

పనికొచ్చిందా అని అడిగావు. జరిగింది రాస్తాను, నువ్వే తేల్చుకో.

వానలకు వాడ తిరిగొచ్చింది. సిద్దమ్మ వచ్చింది, సుంకమ్మ రాలేదు. "ఆడ ఒక రైతింట్లో బిడ్డను ఎత్తుకొనే పనికి పెట్టొస్తిమి. ఇంట్లో తిండి లేకపాయె, ఏం చేసేది?" అంది సిద్దమ్మ. ఈ మాట నీకు జూలైలో రాయాల్సింది. మాట్లాడుకోవడం లేదు కదా మనం!

నీ పత్రిక వచ్చిన రోజు అంజినప్ప గారు దాన్ని వాడలో నిలబడి చదివి వినిపించాడు. అవును, ఆయనే, నేను అడగకుండానే. అందరూ విన్నారు. చివర సిద్దమ్మ, "ఇది మాకు తెలీనిదా? తెలీనోల్లకు చెప్పమనమ్మా మీ నాయనను" అంది. అంతే. నీ ప్రాయశ్చిత్తానికి ఇంతకంటే పెద్ద సన్మానం జరగలేదు.

నవంబరు మొదట్లో ఒక వాన పడింది. అందరూ పెరకడానికి సిద్ధమయ్యారు. నేను రెండు రాత్రులు కూర్చుని కలెక్టరుకు అర్జీ రాసి, సంతకాల కోసం వాడకు తీసుకుపోయాను. సిద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది. "ఇది పోయి వచ్చేలోపల భూమి ఎండిపోతాది. కాయ పెరికేది ఎవురమ్మా? మేమే కదా" అంది.

మరునాడు గంగాధరప్ప మనిషి కూలికి పిలిస్తే వాడ ఆడవాళ్ళంతా పొలం గట్టుదాకా వచ్చి కూర్చున్నారు. లోపలికి దిగలేదు. "పరిగె ఇడిస్తేనే పెరుకుతాము. మూడు వారాలు గుంటక దిగకూడదు" అన్నారు. గంగాధరప్ప నవ్వాడు. "పోయినేడు మీరే రాకపోతిరి. వాడుక తప్పిపోయె" అన్నాడు. పక్క ఊరినుంచి కూలీలను పిలిపించాడు. వాళ్ళు వచ్చి, సంగతి విని, గట్టుమీదే కూర్చున్నారు. ఈ ఏడు ఇక్కడ పోతే వచ్చే ఏడు తమ ఊళ్ళోనూ పోతుందని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

తడి ఆరిపోతే ఇక్కడి నేల రాయి అవుతుంది నాయనా. చెట్టు పెరికితే ఆకు చేతికొస్తుంది, కాయ మట్టిలోనే తెగిపోతుంది. రోజు ఆలస్యమయ్యే కొద్దీ పంటంతా పరిగె అయిపోతుంది. అయిదో రోజు గంగాధరప్ప స్వయంగా వచ్చి నాలుగు చెట్లు పెరికి చూసుకున్నాడు. వేళ్ళకు రెండే కాయలు. "ఏమే సిద్దీ, నా కొంప కూలుస్తావా?" అన్నాడు. "కూల్చేది భూమి అప్పా, నేను కాదు. దిగమంటావా?" అంది ఆమె. ఊరి రైతులందరి ముందూ ఒప్పుకున్నాడు.

నేనేం చేశానంటావా? ఏమీ చేయలేదు. నేనేం చేయాలని అడిగితే, "పొద్దున్నే బడి పెట్టు, పొద్దెక్కినాక పిల్లోల్లను ఇడిసిపెట్టు" అంది. ఈ మూడు వారాలూ అట్లే చేశాం. పాలు పొలం గట్టున పోశాం. తట్టలో కాయలతో, ముఖం నిండా ఎర్రమట్టితో పిల్లలు వచ్చి గ్లాసు పట్టుకునేవాళ్ళు. ఏడాదిన్నర సేవలో నేను తప్పు లేకుండా చేసిన పని బహుశా అదొక్కటే. దానికి కూడా సలహా నాది కాదు.

ఇక మద్రాసు. వచ్చే ఏటికి అధ్యక్షుడి సంతకం లేకపోయినా, పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరు రాసిచ్చినా చాలునని అక్కడినుంచి జవాబు వచ్చింది. నిన్న సిద్దమ్మ దగ్గరికి పోయాను. వాకిట్లో కాయలు ఆరబోస్తోంది. సంగతి చెప్పి, నేను చేసింది మంచో చెడో ఉన్నదున్నట్టే చెప్పమనీ, నేను రాసుకుంటాననీ, వేలిముద్ర వేస్తే చాలుననీ అన్నాను.

ఆమె కాయలు తిప్పుతూనే జవాబు చెప్పింది.

"నువ్వు రాసుకొంటే నీ మాటే అవుతాది. నాకు రాసేది రాదు. మా ఇంట్లో రాసేది వచ్చినది సుంకి ఒకటే. సంక్రాంతి దాటినాక ఈ కాయలు అమ్మి దాన్ని పిల్చుకొస్తా. ఆ రైతు పంపిస్తే. అది వచ్చినాక అడుగు."

"వస్తే రాసిస్తుందా?"

"నాకేం తెలుసమ్మా? దాన్నే అడుగు. పోయింది దాని ఏడాది కదా."

మద్రాసుకు దరఖాస్తు గడువు మార్చి పదో తేదీ. సిద్దమ్మతో పాటు కాలువ ఊరికి నేనూ పోతున్నాను. ఆ రైతు పిల్లను పంపనంటే ఏమనాలో ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను. ఈసారి నీ మాటలు వాడను. కోపం తెచ్చుకోకు.

నీ కూతురు,
నాగరత్న